కోసిన వైర్లు

మా గల్లీలో కారున్న ఇల్లు ఒక్కటీ లేదు. కానీ ఊళ్లో కార్లకు పాట నేర్పింది మా గల్లీ పిల్లలే. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

చరిత్ర అనగానే మాకు చూపించేవి రెండే. ఒకటి గోల్కొండ, చార్మినార్, నిజాం నగలు. రెండోది కత్తులు, కర్ఫ్యూలు. ఆ నవాబుకూ నాకూ ఏం సంబంధమో నాకు తెలియదు. మా అబ్బా సైకిల్ రిక్షా తొక్కాడు. మా తాత జట్కాలకు లాడాలు కొట్టాడు. వాళ్ల చేతులకు ఒక చరిత్ర లేదా? పేచ్‌కస్ పట్టుకున్న చేతికి, కావియా కాల్చిన వేళ్లకు చరిత్ర ఉండదా? ఉంటుంది. నేను 1991 జనవరిలో మొట్టమొదటిసారి ఒక కారులో స్టీరియో బిగించాను. ఆ ఒక్క పని వెనక ఎన్ని దేశాలు, ఎన్ని యుద్ధాలు, ఎంత అనుమానం ఉన్నాయో ఇన్నేళ్ల తర్వాత లెక్క వేసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ముందు పెద్దవాళ్ల చరిత్ర చెబుతాను. అమెరికాలో షికాగో నగరంలో పాల్ గాల్విన్, ఆయన తమ్ముడు జోసెఫ్ ఒక చిన్న కంపెనీ నడిపేవాళ్లు. 1930లో కారులో పెట్టుకునే రేడియో తయారుచేసి అట్లాంటిక్ సిటీలో రేడియో వ్యాపారుల సభకు తీసుకుపోయారు. సభలో చోటు లేకపోతే బయట కారు ఆపి అందులోనే మోగించి చూపించారట. దానికి మోటరోలా అని పేరు పెట్టారు. తర్వాత కంపెనీ పేరే అదైపోయింది. 1932లో జర్మనీలో బ్లాపుంక్ట్ కంపెనీ యూరప్‌లో మొదటి కారు రేడియో తెచ్చింది. ఆనాటి రేడియోల్లో వాల్వులుండేవి. వాటికి వందల వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది ఆరో, పన్నెండో. ఆ కొద్ది కరెంటును పెంచడానికి లోపల ఇంకో యంత్రం. ఒక్క రేడియో బిగించాలంటే కారు సగం విప్పాలి, ఇంజను ముందున్న రేకుకు రంధ్రాలు కొట్టాలి, పైకప్పు గుడ్డ కింద ఏరియల్ పరవాలి. ఒక బ్యాంకు పెద్దమనిషి కారులో గాల్విన్ మనుషులు రేడియో బిగిస్తే అరగంటకే కారు తగలబడిందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు.

ఇందులో ఒక సంగతి గమనించండి. కారు ఒకడు చేశాడు. రేడియో ఇంకొకడు చేశాడు. ఆ రెంటినీ కలిపినవాడు మూడోవాడు. మొదటి ఇద్దరి పేర్లూ పుస్తకాల్లో ఉన్నాయి. మూడోవాడి పేరు లేదు. రేకుకు రంధ్రం కొట్టినవాడు, చెయ్యి కోసుకున్నవాడు, కారు తగలబడితే తిట్లు తిన్నవాడు ఎవడు? షికాగోలోనూ వాడి పేరు రాయలేదు. హైదరాబాదులోనూ రాయలేదు.

మా ఉస్తాద్ ఆ మూడోవాడు.

మూసీకి ఇవతల, పాతబస్తీలో, రేకుల కప్పు కింద ఆయన దుకాణం. బోర్డు లేదు. ఆయన చిన్నతనంలో హైదరాబాదులో రేడియో అంటే దక్కన్ రేడియో. నిజాం జమానాలో 1935లో మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసిపోయింది. రేడియో ఇంట్లో ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. 1933 నాటి వైర్‌లెస్ చట్టం అది. పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల నడిమిదాకా ఆ తంతు సాగింది. ఇల్లు గడవడమే కష్టమైనవాళ్లకు రేడియో ఎక్కడిది, లైసెన్సు ఎక్కడిది? మావాళ్లు ఇరానీ హోటల్లో ఒక చాయ్ తీసుకుని గంటసేపు కూర్చుని విన్నారు. రిపేరు చేసేవాడికి మాత్రం ఊళ్లో రేడియోలన్నీ తనవే.

ఉస్తాద్ మొదటి కారు అంబాసిడర్. ఇంగ్లాండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనా తెచ్చి ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర మొదలుపెట్టిన బండి. దాంట్లో రేడియోకు చోటే లేదు. డ్యాష్‌బోర్డు కింద ఇనుప పట్టీలు కొట్టి వేలాడదీయాలి. ఉస్తాద్ వేలాడదీశాడు. స్విచ్చి వేశాడు. పొగ వచ్చింది. సెట్టు కాలిపోయింది. ఎందుకు? ఆ పాత ఇంగ్లీషు నమూనా బళ్లలో బ్యాటరీ ప్లస్ వైరును బాడీకి కలిపేవారు. ఈయన బిగించిన ట్రాన్సిస్టర్ రేడియోకేమో మైనస్ బాడీకి ఉండాలి. ఆ రేడియో ధర తీర్చడానికి ఆయన ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేశాడు. అప్పటినుంచి ఆయన ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తి ముందు ఒకటే చూసేవాడు. బ్యాటరీలో ఏ కొస నేలకు కలిసింది? నేల అంటే బండి ఇనుము.

"గరం తార్ ఎవడైనా పట్టుకుంటాడు బేటా. ముందు ఎర్త్ ఎక్కడుందో చూడు" అనేవాడు.

నేను ఆయన దగ్గర షాగిర్దుగా చేరింది పన్నెండేళ్లప్పుడు. పొద్దున తెలుగు మీడియం సర్కారు బడి, మధ్యాహ్నం నుంచి దుకాణం. బడిలో నన్ను "తురకోడు" అన్నారు. గల్లీలో "తెలుగు చదివేవాడు" అన్నారు. దుకాణంలో ఈ రెండు పేర్లూ లేవు. అక్కడ నేను చోటూ. పానా అందియ్యి, రేగ్‌మాల్ అందియ్యి, చాయ్ తేపో. మూడేళ్లు అదే నా చదువు.

అప్పటికే ఊరు మారింది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డు మీదికి వచ్చింది. అంతకు ముందు కారంటే అంబాసిడర్, కాదంటే ఫియట్ పద్మిని. మారుతితో డాక్టర్లు, వకీళ్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా కార్లు కొన్నారు. ఆ చిన్న కారులో కంపెనీవాడు పాట పెట్టి ఇచ్చేవాడు కాదు. కొన్నవాడు బయట వేయించుకోవాలి. అట్లా మా దుకాణానికి పని వచ్చింది.

రెండో మార్పు క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో అరచేతిలో పట్టే క్యాసెట్టు చూపించింది. ఇంకో అయిదేళ్లకు కారులో పెట్టుకునే క్యాసెట్టు సెట్టు తెచ్చింది. 1980లకు మన ఊళ్లలో క్యాసెట్ల దుకాణం లేని బజారు లేదు. రేడియోవాడు వినిపించిందే వినడం పోయి, కారులో కూర్చున్నవాడు తనకు కావలసింది వినడం వచ్చింది. ఖవ్వాలీ కావాలా, ఘంటసాల కావాలా, సినిమా కావాలా, నీ ఇష్టం.

మూడో మార్పు గల్ఫ్. 1973లో చమురు ధరలు పెరిగాక అరబ్ దేశాల్లో రోడ్లు, ఇళ్లు, రేవులు కట్టడం మొదలైంది. చేతులు కావలసి వచ్చాయి. హైదరాబాదు పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప నుంచి మనుషులు పోయారు. ముస్లింలు పోయారు, హిందువులు పోయారు, దళితులు పోయారు. అయిదేళ్లకొకసారి వచ్చేటప్పుడు బట్టలు, అత్తరు, ఒక టూ-ఇన్-వన్ తెచ్చారు. ఆ టూ-ఇన్-వన్ మా ఇళ్లలో అల్మారా మీద కూర్చుని, క్రోషియా గుడ్డ కప్పుకుని, మనిషి లేని ఇంటికి మనిషి లాగా ఉండేది. ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్టులో మాట్లాడి పంపేవాళ్లు. మా ముమానీ మామూ గొంతు అట్లాగే విన్నది.

మామూ అంటే మా అమ్మీ తమ్ముడు. కువైట్‌లో డ్రైవరు. సేఠు బండి నడిపేవాడు. ఏడేళ్ల జీతంలో మిగిల్చి పాత టయోటా ఒకటి తన పేర కొనుక్కున్నాడు. అందులో ఒక జపాన్ స్టీరియో వేయించుకున్నాడు. ఇక్కడ గల్లీలో సైకిలు లేనివాడు అక్కడ సొంత కారులో తలత్ మహమూద్ పాటలు విన్నాడు. ఆ సంగతి క్యాసెట్టులో చెప్పి పంపితే మేమంతా చుట్టూ కూర్చుని విన్నాం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడున్న లక్షల మంది హిందుస్థానీలు ఒక్క రాత్రిలో పనిలేనివాళ్లయిపోయారు. బ్యాంకులో డబ్బు బ్యాంకులోనే పోయింది. బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ దేశం చేరుకుంటే అమ్మాన్ నుంచి మన విమానాలు తెచ్చాయి. 1,70,000 మందికి పైగా అట్లా వచ్చారు. మామూ తన టయోటాలో ఆరుగురిని ఎక్కించుకుని జోర్డాన్ సరిహద్దు దాకా నడిపాడు. అక్కడినుంచి కారుకు దారి లేదు. పెట్రోలు లేదు, కొనేవాడు లేడు. ఏడేళ్ల కష్టాన్ని ఇసుకలో వదిలిపెట్టాలి. చేతిలో ఎత్తుకుపోగలిగింది ఏముంది? జేబులో పండ్లు కోసుకునే కత్తి ఉంది. డ్యాష్‌బోర్డులోంచి స్టీరియో లాగి, వెనక వైర్లు కత్తితో కోసి, తువ్వాలలో చుట్టుకుని నడిచాడు.

సెప్టెంబరులో ఇంటికి వచ్చాడు. తువ్వాల విప్పాడు. మామూ ఏడేళ్ల కువైట్ అంతా ఆ ఇనుప డబ్బాలో ఉంది. వెనక వేలెడేసి పొడవున తెగిన వైర్లు, గొంతు కోసినట్టు.

అమ్ముదామని కోఠి గుజరాతీ గల్లీ దాకా పోయాడు. వైర్లు చూసి ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకో మీకు తెలుసు. కారు స్టీరియో దొంగలు అట్లాగే కోస్తారు. అద్దం పగలగొట్టి, సెట్టు లాగి, వైర్లు కోసి పరుగెత్తుతారు. దేశమంతా ఆ దొంగతనాలున్నాయి. ప్రపంచమంతా ఉన్నాయి. దొంగల భయానికే కంపెనీలవాళ్లు ముందు పలక ఊడదీసి జేబులో వేసుకుపోయే సెట్లు తెచ్చారు. మా గల్లీలో దొంగలు లేరని నేను ఒట్టు వేయను. కానీ కోసిన వైరు ఒకడి చేతిలో దొంగతనమయితే ఇంకొకడి చేతిలో యుద్ధం. చూసేవాడికి తేడా ఎట్లా తెలుస్తుంది? చేతి వైపు చూడడు, గడ్డం వైపు చూస్తాడు.

డిసెంబరు వచ్చింది. అయోధ్య పేరు మీద దేశం మండుతోంది. హైదరాబాదులో కత్తిపోట్లు మొదలయ్యాయి. పాతబస్తీలో కర్ఫ్యూ. రోజుల తరబడి దుకాణం లేదు, కూలి లేదు, పాలు లేవు. చచ్చినవాళ్లు రెండు మతాలవాళ్లూ. ఆకలికి మాత్రం మతం లేదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేది. నేను మామూ సెట్టు ముందేసుకున్నాను.

దాని మీద అంటించిన కాగితం చిరిగిపోయింది. ఏ వైరు దేనికో రాసిలేదు. ఇప్పుడయితే చాలా సెట్లకు రంగులు ఒకటే. పసుపుపచ్చ బ్యాటరీకి, ఎరుపు తాళం చెవికి, నలుపు ఎర్త్‌కు, నీలం ఏరియల్‌కు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా స్పీకర్లకు. నల్ల గీత ఉన్నది మైనస్. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. ఉస్తాద్ మాట జ్ఞాపకం వచ్చింది. "రంగును నమ్మకు. లోపల చూడు." పై మూత విప్పాను. ఒక్కొక్క వైరు ఎక్కడికి పోతుందో వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఇనుప డబ్బాకే అతుక్కున్నది ఎర్త్. ఫ్యూజు గుండా పోయేది కరెంటు. సన్నగా ఉన్న ఇంకొకటి, సెట్టు ఆపినా స్టేషన్లు, గడియారం మరిచిపోకుండా ఉంచేది. జంటలు జంటలుగా పోయేవి స్పీకర్లవి. లెక్కల నోటుబుక్కు వెనక బొమ్మ గీసుకున్నాను. బడిలో నాకెవరూ చెప్పని సైన్సు ఆ బొమ్మలో ఉంది.

కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో అమ్మీ బియ్యానికి పోయింది. నేను టార్చి సెల్లులకు పోయాను. ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు. ఎనిమిది వరసగా పెడితే పన్నెండు. కాగితంలో గట్టిగా చుట్టి, రెండు కొసలా వైరు పట్టుకుని సెట్టుకు తగిలించాను. పాత రేడియో స్పీకరు ఒకటి కట్టాను. ఏరియల్ బదులు గజం వైరు. పచ్చటి అంకెలు వెలిగాయి. మామూ చాప మీంచి లేచి కూర్చున్నాడు. మీట తిప్పుతూ పోతే 738 దగ్గర హైదరాబాదు కేంద్రం తగిలింది. తెలుగులో వార్తలు. మామూకు తెలుగు సరిగా రాదు.

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు.

"రేపు మూడు గంటలు సడలిస్తారంట మామూ" అన్నాను.

జోర్డాన్ సరిహద్దులో కోసిన సెట్టు మా ఇంట్లో మాట్లాడిన మొదటి మాట అది.

జనవరిలో దుకాణం తెరిచాం. మూసీ అవతలనుంచి ఒక వకీలు గారు మారుతి తెచ్చారు. కొత్త బండి. డ్యాష్‌బోర్డు నడుమ ప్లాస్టిక్ మూత. మంచి సెట్టు చవకగా కావాలన్నారు. ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను ఇంటికి ఉరికి మామూను, తువ్వాలను తెచ్చాను.

వకీలు గారు సెట్టును తిప్పి వెనక చూశారు. తర్వాత మామూను చూశారు. నవ్వుతూనే అడిగారు.

"ఎవరి బండిలో కోసుకొచ్చారు సాబ్?"

దుకాణంలో ఎవరూ మాట్లాడలేదు. మామూ ముఖం నల్లబడింది. నాకు పదిహేనేళ్లు. చేతిలో పానా ఉంది. ఉస్తాద్ నా చేతిమీద చెయ్యి వేశాడు. మామూ షేర్వానీ వేసుకునే మనిషి కాదు, వకీలుతో వాదించే మనిషీ కాదు. లోపలి జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చాడు. కువైట్ వీసా, జోర్డాన్ ముద్ర, బొంబాయి ముద్ర. వకీలు గారు పేజీ పేజీ చూశారు. చూసి "సరే. కానీ బిల్లు లేదు కదా" అని అడిగిన ధరలో సగం ఇచ్చారు. మామూ తీసుకున్నాడు. ఇంట్లో బియ్యం లేదు.

నేను ఆయన్ని చెడ్డవాడని అనను. తర్వాత చాలా ఏళ్లు మా దుకాణానికే వచ్చారు. పండగకు సేమ్యా తిన్నారు. అదే నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. మంచివాడి నోట్లోకి కూడా ఆ మాట అంత సులువుగా ఎట్లా వచ్చింది? సెట్టు అమ్ముకునే ఏ మనిషయినా బిల్లు చూపిస్తే చాలు. మేము పాస్‌పోర్టు చూపించాలి. నేనెవరో చెప్పుకోవడం వేరు, నేను దొంగను కానని చెప్పుకోవడం వేరు. మా అస్తిత్వమంతా ఈ రెండో పనికే సరిపోతోంది.

"నువ్వే వెయ్యి" అన్నాడు ఉస్తాద్. అప్పటిదాకా నేను అందించినవాణ్నే, బిగించినవాణ్ని కాదు.

ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పాను. పని జరిగేటప్పుడు కరెంటు బండిలో ఉండొద్దు. డ్యాష్‌బోర్డు మూత తీశాను. లోపల పెట్టే ఇనుప చట్రాన్ని తోసి, చుట్టూ ఉన్న రేకు నాలుకలను పేచ్‌కస్‌తో వంచాను. ఆ చోటు కొలత అడ్డం 180 మిల్లీమీటర్లు, నిలువు 50. జర్మనీవాళ్లు పెట్టుకున్న కొలత. 1984లో ప్రపంచమంతటికీ ప్రమాణమయింది. అందుకే కువైట్ టయోటాలోంచి తీసిన జపాన్ సెట్టు హైదరాబాదు మారుతిలో వేలెడు తేడా లేకుండా కూర్చుంది. మనుషులకు అటువంటి కొలత ఏదీ లేదు. ఇక్కడివాడు అక్కడ సరిపోడు, అక్కడినుంచి వచ్చినవాడు ఇక్కడ సరిపోడు.

వెనక పలకలో రెండు స్పీకర్లకు రంధ్రాలు కోశాను. ఏ కొస ప్లస్సో రాసిలేకపోతే ఉస్తాద్ ఒక సెల్లు ఇచ్చాడు. సెల్లు తగిలిస్తే స్పీకరు కాగితం బయటికి పొంగితే సెల్లు ప్లస్ తగిలినదే స్పీకరు ప్లస్. లోపలికి పోతే తిరగేసినట్టు. రెండు స్పీకర్లలో ఒకదాన్ని తిరగేసి కడితే ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. తబలా దెబ్బ మాయమవుతుంది. స్పీకరు మైనస్ కదా అని బాడీకి కలపబోయాను. ఉస్తాద్ చేతిమీద కొట్టాడు. పాత రేడియోల్లో అది చెల్లింది, ఈ కొత్త సెట్లలో స్పీకరు రెండు వైర్లూ సెట్టుకే రావాలి, బాడీకి కలిపితే లోపల కాలిపోతుంది. అంబాసిడర్ పాఠం ఆయనకు ఎనిమిది నెలల జీతం. నాకు ఒక్క దెబ్బతో వచ్చింది.

కార్పెట్ కింద వైర్లు లాగాను. తెగిన ఒక్కొక్క కొసా చెక్కి, కొత్త వైరుతో మెలేసి, కావియాతో రాంగా పోసి, టేపు చుట్టాను. జోర్డాన్‌లో తెగింది హైదరాబాదులో అతుక్కుంది. బ్యాటరీ కలిపి సెట్టు వేశాను. పాడింది. అందరూ నవ్వారు. వకీలు గారు ఇంజను స్టార్ట్ చేశారు. పాట వెనక దోమ మోగినట్టు "కీ" మని ఒక మోత. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ ఆ మోత పెరిగింది.

నా గుండె జారిపోయింది. సెట్టు చెడిపోయిందనుకున్నాను. ఉస్తాద్ తొందరపడలేదు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాడు.

"ఎర్త్ ఎక్కడ వేసినావ్?"

చూపించాను. రంగు వేసిన రేకు మీద స్క్రూ బిగించి దానికి కట్టాను. పైకి గట్టిగానే ఉంది. కానీ రంగు మీద కరెంటు నిలకడగా పోదు. నడిచే ఇంజనులో ఆల్టర్నేటర్ చేసే సడి అంతా అప్పుడు పాటలోకి దూరుతుంది.

"నంగా లోహా దూండ్ రే" అన్నాడు. బోసి ఇనుము వెతుకు.

రేగ్‌మాల్‌తో గీకాను. తెల్లరంగు పోయింది. కింద ఎర్ర మందు పోయింది. అద్దం లాంటి ఇనుము బయటపడింది. దానికి కట్టాను. మోత ఆగింది. పాట ఒక్కటే మిగిలింది.

ఆ రోజు ఉస్తాద్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగించాడు. అందరికీ తెచ్చేవాణ్ని, ఆ రోజు నాకు ఇంకొకరు తెచ్చారు. అట్లా నేను మిస్త్రీనయ్యాను.

తర్వాతి కథ కొంత చెప్పి ముగిస్తాను. ఐక్యరాజ్యసమితి 1991లో నష్టపరిహారం కోసం ఒక కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు డబ్బులోంచి, కువైట్ వదిలి రావలసి వచ్చినవాళ్లకు పరిహారం ఇచ్చింది. కొన్నేళ్లకు మామూకూ కొంత అందింది. ఆ ఫారం తెలిసినవాళ్లతో నింపించాం. ఎక్కడో జెనీవాలో ఉన్నవాళ్లు అదే పాస్‌పోర్టు ముద్రలు చూసి మామూ మాట నమ్మారు. మూసీ అవతలివాళ్లు నమ్మడానికి ఎందుకంత కష్టమయింది?

2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చిందీ మావాళ్లే, పట్టుకుపోయిందీ మా పిల్లలనే. వాళ్లలో చాలామందిని తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలిపెట్టాయి. ఆ నెలల్లో మా గల్లీలో అమ్మీలు కావియాలు దాచిపెట్టారు. వైరు ముక్క, సెల్లు, టేపు చుట్ట, ఇవి మా పిల్లల పుస్తకాలు, పెన్నులు. వాటిని చూసి భయపడే రోజు వచ్చింది. నాకు కొసలు కలపడం వచ్చు, అంతే. అది నేరమయితే ఈ ఊళ్లో పాట విన్న ప్రతి కారూ సాక్ష్యం చెప్పాలి.

ఇప్పుడు కొత్త కార్లు అద్దం పలకతోనే వస్తున్నాయి. క్యాసెట్టు పోయింది, సీడీ వచ్చి పోయింది, ఫోనే పాడుతోంది. 2014లో అంబాసిడరూ ఆగింది, మారుతి 800ూ ఆగింది. చవక కారు కొన్నవాడు ఇంకా బయట వేయించుకుంటూనే ఉన్నాడు. కానీ వైరు కోస్తే గ్యారంటీ పోతుందని కారు అమ్మేచోట భయపెడుతున్నారు. అందుకని కొయ్యకుండా తగిలించే కప్లర్లు వచ్చాయి. మంచిదే. నా దగ్గరి పిల్లలు పావుగంటలో బిగిస్తున్నారు. అయినా ఒక్కొక్కడి చేత ఒక పాత సెట్టు విప్పిస్తాను. ఏ వైరు ఎక్కడికి పోతుందో బొమ్మ గీయిస్తాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో సాయిబుల పిల్లలున్నారు, మాదిగ పిల్లలున్నారు, వడ్ల పిల్లలున్నారు. కావియా అందరి వేళ్లనూ ఒకే రకంగా కాలుస్తుంది.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. ఆయన బిగించిన సెట్లు పాత ఇనుములో కలిసిపోయి ఉంటాయి. మిగిలింది ఆయన చెప్పిన ఆ ఒక్క మాట. ఈ దేశంతో మాకున్న సంబంధం గురించి పెద్ద పెద్దవాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. మీ వేర్లెక్కడ, మీ నిష్ఠ ఎటు అని. నాకు ఉపన్యాసం రాదు. మేము గట్టిగానే కట్టుకుని ఉన్నాం. నడుమ ఒక రంగు పూత ఉంది, అది మేము పూసింది కాదు. మీరు వింటున్న ఆ మోత మా పాటలోది కాదు. ఆ పూతను కొంచెం గీకి చూడండి. కింద ఇనుము ఒకటే.